మీకెన్ని ఓట్లున్నాయి? – ఆచార్య రంగా గారి రాజకీయ జీవితం, మన చేనేత
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు ముందు వద్దన్నాం. మేము చదివింది ఎనిమిదో తరగతి. పద్దు పుస్తకం రాయడం వచ్చు గానీ ఉపన్యాసం రాదు. అయినా పెద్దలు విడిచిపెట్టలేదు. "రాజకీయాల్లో మన చేనేత గురించి ఏదో ఒకటి చెప్పండి" అన్నారు. సరే, ఒక మనిషి కథ చెబుతాం. అది చెప్పాలంటే ముందు మాకు జరిగిన ఒక సంగతి చెప్పాలి.

పదేళ్ల కిందటి మాట. చిలపల నూలు ధర ఉన్నట్టుండి పెరిగింది. సొసైటీలో సరుకు లేదు. సగం మగ్గాలు ఊరికే కూర్చున్నాయి. మేము ఐదుగురం కలిసి ఒక ఎంపీ గారిని చూడబోయాం. పేరూ, పార్టీ ఇప్పుడెందుకు లెండి. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టారు, కాఫీ ఇప్పించారు. మా మాట సగం విన్నాక, "మీవాళ్లకు నా నియోజకవర్గంలో ఎన్ని ఓట్లుంటాయి?" అని అడిగారు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అబద్ధం చెప్పడం చేతకాలేదు. ఉన్న లెక్క చెప్పాం. ఆయన తల ఊపి "చూద్దాం" అన్నారు. ఆ చూద్దాం అన్నది ఇంతవరకూ చూస్తూనే ఉన్నాం.

తిరుగు బస్సులో ఎవ్వరం మాట్లాడలేదు. అప్పుడు మాకు మా నాయన గుర్తొచ్చాడు. ఆయన గుంట మగ్గం మీద కూర్చుని నేస్తూనే రాజకీయాలు చెప్పేవాడు. రాజాజీ అన్నా, ఆచార్య రంగా అన్నా ఆయనకు ప్రాణం. "రంగా గారి దగ్గర ఎన్ని సీట్లున్నాయిరా? అయినా ఢిల్లీలో ఆయన లేస్తే వినాల్సిందే" అనేవాడు. చిన్నప్పుడు ఆ మాట మాకు పట్టలేదు. ఎంపీ గారి ఇంటి నుంచి వచ్చిన రోజున పట్టింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లను అడిగి, ఇంగ్లీషు వచ్చిన పిల్లల చేత చదివించుకుని, ఆయన సంగతులు కూడబెట్టాం. అవే ఈ రోజు మీ ముందు పెడుతున్నాం.

ఆచార్య ఎన్.జి. రంగా గారి అసలు పేరు గోగినేని రంగనాయకులు. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900 నవంబరు 7న పుట్టారు. రైతు కుటుంబం, మన నేత కులాలవారు కారు. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి తిరిగొచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులుగా చేశారు. అందుకే చివరి దాకా జనం ఆయన్ని ఆచార్య రంగా అనే పిలిచారు.

ఆయన్ని అందరూ రైతు నాయకుడనే అంటారు. అది నిజమే. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు దాని పెద్దల్లో ఆయన ఒకరు. కానీ మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1930లో ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చు వేయించారు. దాని విషయం చేనేత ఆర్థిక సంగతులు. దక్షిణ దేశపు నేతగాళ్లు ఎట్లా బతుకుతున్నారు, వాళ్ల సాంఘిక, ఆర్థిక స్థితి ఏమిటి అన్నదే ఆ పుస్తకం. అప్పుడు మద్రాసు రాజధాని అంటే గంజాం నుంచి సేలం దాటి పోయేది. బరంపురం అందులోదే. బళ్లారి అందులోదే. షోలాపూరు బొంబాయి కింద, యానాం ఫ్రెంచివాళ్ల కింద ఉండేవి. వాటిని పక్కన పెడితే, ఈ సభలో కూర్చున్న చాలామంది తాతలు ఆ రోజుల్లో ఒకే సర్కారు కింద నేసినవాళ్లు. వాళ్ల సంగతి కూర్చుని రాసినవాడు, నేత ఎరుగని ఒక రైతు బిడ్డ.

ఆ పుస్తకం వచ్చిన 1930లోనే ఆయన ఢిల్లీ కేంద్ర శాసనసభలో అడుగు పెట్టారు. మధ్యలో ఓడినవీ, ఖాళీగా ఉన్నవీ కొన్నేళ్లు తీసేస్తే, 1991 దాకా ఏదో ఒక సభలో ఆయన గొంతు ఉంది. అంటే ఇంగ్లీషువాళ్ల సభలోనూ ఆయనే, రాజ్యాంగం రాసిన సభలోనూ ఆయనే, నెహ్రూ గారి ముందూ ఆయనే, రాజీవ్ గాంధీ కాలంలోనూ ఆయనే.

ఇంతకాలం సుఖంగా పెద్ద పార్టీలో కూర్చున్నాడేమో అనుకుంటారు. కాదు. స్వాతంత్య్రం వచ్చాక ఆయన ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసుకు అధ్యక్షుడు. 1951లో ఆ అధ్యక్ష పదవికి నీలం సంజీవరెడ్డి గారితో పోటీలో ఓడిపోయారు. ప్రకాశం పంతులు గారూ ఆయనా కాంగ్రెసు విడిచి ప్రజా పార్టీ పెట్టారు. అక్కడా ఇద్దరికీ పొసగలేదు. రంగా గారు విడిపోయి కృషికార్ లోక్ పార్టీ అని సొంతంగా పెట్టుకున్నారు. ఇది ఆదర్శం కోసమా, ఓడిన కోపమా అంటే, రెండూ ఉండి ఉంటాయని మా అభిప్రాయం. మనిషన్నాక రెండూ ఉంటాయి.

1952 ఎన్నికల్లో ఆ కృషికార్ పార్టీకి మద్రాసు శాసనసభలో 375 సీట్లకు 15 వచ్చాయి. లోక్‌సభలో వచ్చింది ఒక్కటి. రంగా గారు రాజ్యసభకు వెళ్లారు. లెక్క చూస్తే పార్టీ చాలా చిన్నది. కానీ ఆ ఎన్నికల్లో కాంగ్రెసుకు కూడా మద్రాసులో 152 మాత్రమే వచ్చాయి, సగం లేదు. సగం రానివాడికి పదిహేను మంది ఉన్నవాడు కూడా బంధువే. పెద్ద పార్టీకి నిండా బలం ఉన్నప్పుడు చిన్నవాడి మాట గాలికి పోతుంది. పెద్దవాడికి పడుగులో పోగులు తక్కువైనప్పుడే చిన్నవాడి పోగు విలువ తెలుస్తుంది. ఇది మన సమాఖ్య గుర్తు పెట్టుకోవలసిన మొదటి మాట.

అట్లా సగం బలంతో మద్రాసులో ముఖ్యమంత్రి అయినవారు రాజాజీ. సేలం వాళ్లకు ఆయన మనిషే. సేలంలో వకీలుగా చేసి, ఆ ఊరి మునిసిపాలిటీకి అధ్యక్షుడిగా ఉండి, తిరుచెంగోడు దగ్గర ఆశ్రమం పెట్టి ఖద్దరు నూలు వడికించినవాడు. 1952లో నేతగాళ్లు ఆకలితో అల్లాడుతుంటే, పంచెలు, చీరలు చేనేతకే వదిలెయ్యాలని ఆయన ఢిల్లీని పట్టుకున్నారు. ఢిల్లీ అంతా ఒప్పుకోలేదు. మిల్లులు అంతకు ముందు నేసే పంచెల్లో 60 శాతం మించి నెయ్యరాదని ఆంక్ష పెట్టింది. ఆ ఏడే అఖిల భారత చేనేత మండలి వచ్చింది. మరుసటేడు, 1953లో, మిల్లు గుడ్డ మీద సుంకం వేసి ఆ డబ్బు ఖద్దరుకూ చేనేతకూ ఖర్చు పెట్టే చట్టం వచ్చింది. మన సొసైటీలు చాలావాటికి ఊపిరి పోసింది ఆ సుంకం డబ్బే. బలం తక్కువైన ప్రభుత్వం కూడా పట్టుబడితే ఏం చెయ్యగలదో ఇక్కడ చూడండి.

ఇక రంగా గారి కథకు వద్దాం. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కృషికార్ పార్టీ కాంగ్రెసుతో పొత్తు పెట్టుకుని 22 సీట్లు గెలిచింది. తర్వాత ఆయన కాంగ్రెసులో కలిసిపోయారు. 1957లో తెనాలి నుంచి కాంగ్రెసు ఎంపీ అయ్యారు. పార్లమెంటులో కాంగ్రెసు పక్షానికి కార్యదర్శి కూడా. నెహ్రూ గారి పక్కన కూర్చునే చోటు. అక్కడే ఉండిపోతే మంత్రి పదవి ఏదో నాటికి వచ్చేదేమో.

1959 జనవరిలో నాగపూరులో కాంగ్రెసు మహాసభ జరిగింది. దేశమంతా ఉమ్మడి సహకార వ్యవసాయం రావాలని తీర్మానం చేశారు. అంటే రైతులు తమ పొలాలు ఒకటిగా కలిపి, కలిసి దున్ని, వచ్చినది పంచుకోవాలి. రంగా గారు కుదరదన్నారు. గట్టు చెరిపితే రైతు కూలివాడై పోతాడన్నారు. కార్యదర్శి పదవి వదిలేశారు, పార్టీ వదిలేశారు.

ఇక్కడ మాకు చాలాకాలం ఒక చిక్కు ఉండేది. మేము సహకార సంఘం సెక్రటరీలం. మా అన్నం సహకార సంఘం అన్నం. సహకారాన్ని కాదని పార్టీ విడిచిన మనిషిని మేము ఎట్లా మెచ్చుకోవడం? ఒక కుర్రాడు మమ్మల్ని ఈ మాట అడిగాడు కూడా. మేము బాగా ఆలోచించాం. మన సొసైటీ ఏం చేస్తుందో చూడండి. నూలు తెచ్చి ఇస్తుంది. రంగు వేయిస్తుంది. నేసిన గుడ్డ తీసుకుని కూలి ఇస్తుంది. అమ్మి పెడుతుంది. లాభముంటే బోనసు ఇస్తుంది. కానీ మగ్గం ఎవరిది? నేతగాడిది. ఇల్లు ఎవరిది? నేతగాడిది. ఎన్ని గంటలకు కూర్చోవాలో, పండక్కి ఎప్పుడు లేవాలో అతని ఇష్టం. రంగా గారు కాదన్నది సేవ చేసే సహకారాన్ని కాదు. అప్పు ఇచ్చే, విత్తనం ఇచ్చే, పంట అమ్మిపెట్టే సంఘాలు కావాలనే ఆయన అన్నారు. ఆయన కాదన్నది మనిషి చేతిలో ఉన్నదాన్ని లాక్కునే సహకారాన్ని. మగ్గాలన్నీ తెచ్చి ఒక షెడ్డులో పెట్టి గంట కొట్టి పిలిస్తే అది కార్ఖానా అవుతుంది. కొందరికి అదీ మేలే కావచ్చు, ఇంట్లో చోటు లేనివాళ్లు ఉంటారు. వాళ్లు ఇష్టపడి వస్తే సరే. బలవంతంగా కాదు.

ఈ మాట పాతది అనుకోకండి. ఎన్ని సొసైటీల్లో ఎన్నికలు జరగక, ఎన్నుకున్న పాలకవర్గం లేక, పై నుంచి వచ్చిన అధికారి సంతకంతోనే అన్నీ నడిచాయో మీకు తెలుసు. సభ్యుడు వాటా కట్టాడు, మాట మాత్రం అతనిది కాదు. దాన్ని సహకారమని బోర్డు మీద రాస్తే సరిపోతుందా? రంగా గారు 1959లో లేవదీసిన ప్రశ్న ఇదే.

ఆ ఏడు జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీ పుట్టింది. వెనక ఉన్నది రాజాజీ. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు దాటాయి. పార్టీకి మొదటి అధ్యక్షుడు రంగా గారు. ప్రతిదానికీ పర్మిటు, లైసెన్సు, కోటా అని సర్కారు జనం మెడకు తాడు కట్టిందని రాజాజీ అనేవారు. యుద్ధకాలంలో నూలు కంట్రోలు చూసినవాళ్లకు, కార్డు పట్టుకుని చిలప కోసం వరుసలో నిలబడ్డవాళ్లకు ఆ మాట వెంటనే ఎక్కింది. మా నాయన 1962లో నక్షత్రం గుర్తుకు ఓటు వేశాడు.

మా పక్కింటి మామ ఒప్పుకోలేదు. ఆయనా నేతగాడే. "మిల్లు షావుకార్ల పార్టీకి మగ్గం వాడు ఓటు వేస్తాడా? సిగ్గులేదా బావా?" అని మా నాయనతో వీధిలో తగువు పెట్టుకున్నాడట. ఆ మామ అన్నది ఊరికే కొట్టెయ్యదగిన మాట కాదు. స్వతంత్ర పార్టీని నిలబెట్టినవాళ్లలో బొంబాయి హోమీ మోదీ గారు ఉన్నారు. ఆయన ఒకప్పుడు బొంబాయి మిల్లు యజమానుల సంఘానికి అధ్యక్షుడు. సంస్థానాల రాజులు, జమీందార్లు కూడా ఆ పార్టీలో చేరారు. 1930లో నేతగాళ్ల బతుకు మీద పుస్తకం రాసిన మనిషి, 1959లో మిల్లు యజమానుల పక్కన కూర్చున్నాడు. ఎవరి వ్యాపారానికీ సర్కారు అడ్డు రాకూడదంటే, మిల్లు పంచెల మీద ఆంక్ష కూడా అడ్డే కదా! పులికీ మేకకూ ఒకే స్వేచ్ఛ ఇస్తే ఎవరికి లాభం? మన నేతకు నూలు కంట్రోలు వద్దు, కానీ మిల్లు మీద కంట్రోలు కావాలి. ఈ రెండూ కలిపి చెప్పే పార్టీ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మా నాయనా ఆ మామా ఆ తగువు తెంచుకోలేదు. కానీ పడుగు సాగదీసేటప్పుడు ఒకరికొకరు సాయం మానలేదు. ఆ కాలం మనుషులు అట్లా ఉండేవారు.

1962లో రంగా గారు తెనాలిలో కమ్యూనిస్టు అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. దేశంలో స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 18 సీట్లు వస్తే అందులో అధ్యక్షుడి సీటే లేదు. అప్పుడు చిత్తూరు ఎంపీగా గెలిచిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా పోవడంతో అక్కడ ఉప ఎన్నిక వచ్చింది. రంగా గారు పోటీ చేసి గెలిచారు. లోక్‌సభ స్పీకరుగా చేసినాయన సీటు అది, కాంగ్రెసు కోట. 1967లో పార్టీకి 44 సీట్లొచ్చి లోక్‌సభలో ప్రతిపక్షాలన్నిటిలో పెద్దదైంది. విచిత్రం ఏమిటంటే అప్పుడు చిత్తూరులో రంగా గారు మళ్లీ ఓడారు. శ్రీకాకుళంలో గెలిచిన ఆయన శిష్యుడు గౌతు లచ్చన్న గారు, గురువు కోసం తన సీటు వదిలేశారు. రంగా గారు అక్కడ నిలబడి గెలిచి లోక్‌సభకు పోయారు.

ఈ లచ్చన్న గారి పని దగ్గర మేము కాస్త ఆగుతాం. గెలిచిన ఎంపీ సీటు ఇంకొకరికి వదలడం అంటే ఏమిటి? ఇవాళ సొసైటీ డైరెక్టరు పదవి వదలమంటే వదులుతామా? మన సమాఖ్యలోనే ఒక పదవికి ముగ్గురు నిలబడి, ఓడిన ఇద్దరూ మరుసటేడు సభకు రావడం మానేసిన సంగతి మనకు కొత్త కాదు. చిన్న పార్టీ బతకాలంటే లోపల ఒకరి కోసం ఒకరు వదులుకోవాలి. చిన్న సమాజం బతకాలన్నా అంతే.

1971లో అంతా తిరగబడింది. ఇందిరా గాంధీ గాలిలో స్వతంత్ర పార్టీకి మిగిలినవి 8 సీట్లు. 1972 డిసెంబరులో రాజాజీ పోయారు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయి పేరు కూడా లేకుండా అయ్యింది. పుట్టి పదిహేనేళ్లే అయ్యింది. రంగా గారు తిరిగి కాంగ్రెసుకే చేరారు. 1980, 1984, 1989ల్లో గుంటూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. 1984లో రాష్ట్రమంతా తెలుగుదేశం ఊపులో 42 సీట్లలో కాంగ్రెసుకు దక్కినవి ఆరు. ఆ ఆరులో ఒకటి 84 ఏళ్ల రంగా గారిది. 1991లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1995 జూన్‌లో పోయారు. హైదరాబాదు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తర్వాత ఆయన పేరు పెట్టారు.

పార్టీలు మార్చాడు అని ఎవరైనా అంటే కాదనలేం. కాంగ్రెసు, ప్రజా పార్టీ, కృషికార్, కాంగ్రెసు, స్వతంత్ర, మళ్లీ కాంగ్రెసు. కానీ 1959లో ఆయన బయటికి వచ్చినప్పుడు పోయింది పదవి, వచ్చింది కష్టం. పదవి కోసం పార్టీ మారినవాడు వేరు, పదవి విడిచి పార్టీ మారినవాడు వేరు. జనం ఈ తేడా గుర్తుపడతారు. అందుకే తెనాలి కాకపోతే చిత్తూరు, చిత్తూరు కాకపోతే శ్రీకాకుళం, చివరికి గుంటూరు ఆయన్ని ఢిల్లీకి పంపాయి.

మరి మనకేం చేశారు? సూటిగా చెబుతాం. చేనేత మీద పుస్తకంతో మొదలుపెట్టినా, ఆయన జీవితమంతా భూమి చుట్టూ, రైతు చుట్టూ తిరిగింది. మన సంగతి ఆయనకు చాలా సంగతుల్లో ఒకటి. మన సంగతే తన సంగతిగా పట్టుకున్న మనిషి కావాలంటే మనలోంచే రావాలి. అదే నిడుబ్రోలులో పుట్టిన ప్రగడ కోటయ్య గారు అట్లాంటి మనిషి. చీరాల నుంచి శాసనసభకు వెళ్లి, తర్వాత రాజ్యసభకూ వెళ్లి, చివరి దాకా చేనేత చేనేత అనే పలవరించారు. ఆయన గురించి ఇంకో సభలో చెప్పుకుందాం. అది ఒక్క ఉపన్యాసంతో తీరేది కాదు.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాం. మీకెన్ని ఓట్లున్నాయి?

దేశంలో చేనేత పనివాళ్లు 1995-96 లెక్కల్లో 65 లక్షల పైన. 2009-10 లెక్కల్లో 43 లక్షలు. 2019-20 లెక్కల్లో 35 లక్షలు. పాతికేళ్లలో దాదాపు సగం పోయారు. 1985లో చేనేతకు 22 రకాలు రిజర్వు చేస్తూ చట్టం వచ్చింది. మిల్లులవాళ్లు కోర్టుకు పోయారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది. తర్వాత 22 కాస్తా 11 అయ్యాయి. 2017లో నూలు మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. 2020లో అఖిల భారత చేనేత మండలిని రద్దు చేశారు. ఓట్లు తగ్గితే ఒక్కొక్కటీ ఎట్లా జారిపోతుందో చూశారు కదా. ఇక మనలాంటి వలస తెలుగువాళ్ల సంగతి ఇంకా కష్టం. తమిళనాట మనం తెలుగువాళ్లం, తెలుగునాట మనం అరవంవాళ్లం. ఏ నియోజకవర్గంలోనూ ఒంటి చేత్తో గెలిపించే బలం మనకు లేదు. రాదు కూడా. ఉందని డప్పు కొట్టుకోవడం మానేద్దాం.

కానీ ఓట్లు ఒక్కటే బలం కాదని రంగా గారి జీవితం చెబుతోంది. ఆయన బలం మూడింట్లో ఉంది. చేతిలో లెక్కలు. ఒప్పుకోనిదాన్ని ఒప్పుకోనని చెప్పే ధైర్యం. ఓడినా మళ్లీ వచ్చి అదే మాట చెప్పే ఓపిక.

ఇంకో సంగతి. పార్లమెంటులో మాట్లాడే సమయం పార్టీ బలాన్ని బట్టి పంచుతారు. ఒక్కడే ఉన్న పార్టీకి రెండు మూడు నిమిషాలు దక్కితే గొప్ప. కానీ ప్రశ్నలు వెయ్యడానికి అట్లా కాదు. ప్రశ్న ఇచ్చిన సభ్యుల పేర్లు చీట్లు తీసినట్టు తీస్తారు. అక్కడ మూడొందల మంది ఉన్న పార్టీ సభ్యుడూ, ఒక్కడే ఉన్న పార్టీ సభ్యుడూ సమానం. చుక్క గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో చెప్పాలి. గుర్తు లేనిదానికి రాసి ఇవ్వాలి. రాసి ఇచ్చిన జవాబు ఎప్పటికీ రికార్డులో ఉంటుంది.

ఇది మాకు అనుభవంలోకి వచ్చింది. ఆ మొదటి ఎంపీ గారి దగ్గర దెబ్బతిన్నాక మేము ఒక కాగితం తయారు చేశాం. మా సొసైటీలో మగ్గాలెన్ని, ఏడాదిలో నూలు ఎన్ని రోజులు దొరికింది, చీరకు కూలి ఎంత, రావలసిన రిబేటు ఎన్నేళ్లుగా ఆగింది, 35 ఏళ్ల లోపు నేసేవాళ్లు ఎంతమంది. ఒక్క పేజీ. సభ్యుల ఇళ్లకు పోయి అడిగి రాసిన లెక్కలు. దాన్ని తీసుకుని, ఒక చిన్న పార్టీ ఎంపీ గారిని కలిశాం. ఆయన మన భాషవాడు కాదు, మన కులంవాడూ కాదు. ఓట్లు ఎన్ని అని అడగలేదు. "ఈ కాగితం నా దగ్గర ఉంచుకోవచ్చా?" అని మాత్రం అడిగారు. కొన్ని నెలలకు ఆయన వేసిన ప్రశ్నకు రాతలో జవాబు వచ్చింది. ఆ జవాబుతో మగ్గాలేం ఆడలేదు. నూలు ధర పైసా తగ్గలేదు. కానీ ఏ పథకం కింద ఎంత డబ్బు విడుదల చేశారో అందులో ఉంది. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు పోతే, "డబ్బు రాలేదు" అని అంతవరకూ చెప్పినవాళ్లు ఆ మాట మళ్లీ అనలేకపోయారు. ఆగిన రిబేటులో కొంత వచ్చింది. కొంత ఇంకా రావాలి.

అందుకే ఈ సభ ముందు మా సొసైటీ తరఫున ఒక విన్నపం పెడుతున్నాం. సమాఖ్యలో ఉన్న ప్రతి సంఘం ఏడాదికి ఒకసారి అట్లాంటి ఒక్క పేజీ లెక్క తయారు చెయ్యాలి. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం అన్నీ కలిపితే ఐదు పేజీలు. ఇంగ్లీషు వచ్చిన మన పిల్లలు చక్కగా టైపు కొట్టిస్తారు. వాటిని పెద్ద పార్టీ వాళ్లకూ ఇద్దాం, చిన్న పార్టీ వాళ్లకూ ఇద్దాం. ఎవరు పట్టుకుంటే వాళ్లు మనవాళ్లు. జవాబు రాకపోతే మరుసటేడు కొత్త లెక్కతో మళ్లీ పోదాం. ఏ పార్టీ జెండా పట్టుకుంటారన్నది ఎవరి ఇంటి సంగతి వాళ్లది. మా నాయన, ఆ పక్కింటి మామ వేరు వేరు గుర్తులకు ఓటేసి ఒకే పడుగు సాగదీసినట్టు మనమూ ఉందాం.

ఈసారి ఎవరైనా "మీకెన్ని ఓట్లు?" అని అడిగితే మొహాలు చూసుకోనక్కర్లేదు. "ఓట్లు తక్కువే సార్, లెక్కలు మాత్రం ఉన్నాయి, చూడండి" అని ఆ పేజీ ముందు పెడదాం.

మన పిల్లల్లో తెలుగు మాట వచ్చి చదవడం రానివాళ్లు చాలామంది. ఈ సంచికలో ఈ మాటలు చూసినవాళ్లు ఇంట్లో ఒకసారి పైకి చదివి వినిపించండి. తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి.